హాజరు పట్టీ

చిత్తూరు గ్రీమ్స్‌పేట స్కూలు, ఎనిమిదో తరగతి బి.
మొగిలీశు నోట్లో 'ప' ఒక్కటే ఇరుక్కుంటుంది.
పేరు పిలిస్తే "ప్... ప్..." అంటుండగానే
వెనక బెంచీ కిక్కు కొడుతుంది, కాలితో, నోటితో.
"బండి స్టార్ట్ కాలేదు సార్!"
ఒకరోజు నేనూ నవ్వాను.

ఆ తర్వాత వాడు ప్రెజెంట్ అనడం మానేశాడు.
నేను తలెత్తకుండానే సున్నా చుట్టేవాణ్ణి.

"రెండువందల యాభైయారుకి వర్గమూలం?"
"తెలీదు సార్."
తెలీదు అనడానికి పెదాలు కలవక్కర్లేదు.
నోటుబుక్కు అంచున మాత్రం
పదహారు వేసి, ఉమ్మితో తుడిచిన మరక.

వాళ్లమ్మ గుజ్జు ఫ్యాక్టరీ నుంచి అట్నే వచ్చింది,
గోళ్ల సందుల్లో తోతాపురి పసుపు.
"దినామూ వస్తానే ఉండాడే సార్!
కడుపునొప్పి అన్నా తరిమి తరిమి పంపిస్తా ఉండా.
ఇంట్లో మేకపిల్లకి లెక్కలు చెప్తాడు,
ఒక్క మాటా తట్టుకోదు."

మూడో బెంచీలో కూర్చున్న పిల్లాడికి
పద్నాలుగు సున్నాలు.

రాత్రి బ్లేడుతో గీకుతూ కూర్చున్నాను.
తొమ్మిదో దగ్గర కాగితం చిరిగింది.
చిల్లులోంచి కింది పేజీ, ఆగస్టు.
పేర్లు మాత్రం ముందే రాసిపెట్టుకున్నాను.