రెండు వేళ్ళ మధ్య

పాస్‌వర్డు సుద్దముక్కల డబ్బా మూతకి
లోపలివైపు రాసుకున్నాను,
బయట రాస్తే ఎనిమిదో తరగతి బి సెక్షను చూస్తుందని.
వాళ్ళకది ముందే తెలుసని
వాళ్ళు నాకు చెప్పడానికి నెల పట్టింది.

ఇరవై ఆరేళ్ళ సర్వీసు.
గోడకి వేలాడే చుట్టపటం మడతల దగ్గర చిరిగి
కృష్ణానది రెండు ముక్కలై
సెల్లోటేపు కింద పారుతుంది.
కర్ర తగిలితే చాలు
దక్కను పీఠభూమి పొడిపొడిగా
నా కుచ్చిళ్ళ మీద రాలుతుంది.
ఆ పటంలో మా బంగారుపాళ్యం లేదు.
ఎవరైనా అడిగితే
చిత్తూరు చుక్కకి ఎడమగా గోరు ఆనించి
"ఇక్కడెక్కడో" అనేదాన్ని.
అట్లా గోరంత తప్పు చెప్పి
ఇరవై ఆరు బ్యాచ్‌లని పైతరగతికి పంపించాను.

ఇప్పుడు నల్లబల్ల పక్కన
వెలిగే పలక ఒకటి బిగించారు.
మొదటివారం దాని మీద సుద్దతో రాయబోయాను.
రాత్రి అంట్లు తోమాక
ఫోనులో డేటా మిగిలినంత మేర
ఒక్కో పనిముట్టూ తెరిచి చూస్తాను,
సంతలో కొడవలి బేరమాడే మనిషిలాగ
బొటనవేలితో పదును చూసి, పిడి ఊపి చూసి.

ఒకటి క్విజ్ పెడుతుంది. గంట మోగుతుంది, పూలు రాలతాయి.
పిల్లలు జవాబు కంటే ముందు
మారుపేర్లు వెతుక్కుంటారు.
మౌర్యుల పాలనలో ఫస్టు ర్యాంకు
"పులుసన్నం" అనేవాడిది. రెండోది "ఒంటి ఏనుగు".
ఇంకొకటి నా గొంతు విని రాసిపెడుతుందంట.
"యాడికి పోతివిరా" అన్నాను.
కాసేపు గిరగిరా తిరిగి
నా యాస కింద ఎర్రగీత గీసింది.
దాన్ని పక్కన పెట్టేశాను.
అలిగి కాదు.
కొంచెం అలిగే.

మొన్న బుధవారం, ఆరో పీరియడు,
పైనించి భూమిని చూపించే పటం తెరిచాను.
నీలం గోళం. రెండు వేళ్ళు దూరం జరిపితే దేశం,
ఇంకా జరిపితే కౌండిన్య అడవి పచ్చ,
గుజ్జు ఫ్యాక్టరీ రేకులు,
వెనక పారబోసిన మామిడి టెంకల గుట్ట.
"మేడం, ఈగలు గూడా కనిపిస్తాండాయి" అన్నాడు ఢిల్లీబాబు.
ఒక్కొక్కరే వచ్చి ఎవరిల్లు వాళ్ళు ముట్టుకున్నారు.
నీళ్ళ ట్యాంకు. మేకల దొడ్డి. పట్టుపురుగుల షెడ్డు.
తాకిన వేళ్ళనించి
అద్దం మీద అంతా వేరుశనగ నూనె.

అముద ఆఖరున వచ్చింది.
తొమ్మిది నెలలుగా వాళ్ళుండేది రేకుల కింద.
ఎక్స్‌ప్రెస్ వే గీత మీద పడిందని
ఇల్లు కొట్టేశారు. డబ్బులిచ్చారు,
మాట్లాడ్డానికేం లేదు.
"మీ షెడ్డు యాడ?" అన్నాను.
అది వినలేదు. వేళ్ళు జరిపింది. ఇంకా జరిపింది.
ఎర్ర పెంకులు, పక్కన బావి,
దండెం మీద ఏదో తెల్లగా.
"మేడం, మా ఇల్లు ఇంకా ఉండాది."

మూలన సన్నటి అక్షరాల్లో
ఆ బొమ్మ తీసిన సంవత్సరం ఉంది.
నాకు కనిపిస్తోంది, కళ్ళద్దాలు కొత్తవి.
ఉపగ్రహం, తేదీ, పాతబడిన సమాచారం:
నిజానికి ఆరోజు పాఠం అదే,
నోట్సు కూడా రాసుకుని పోయాను.
నోరు తెరిచి
"దండెం మీద ఆ తెల్లనిదేంది?" అన్నాను.
"మా తాత పంచ. ఎప్పుడూ ఆడే ఆరేస్తాడు."
ఇంకా పెద్దది చెయ్యమన్నారు పిల్లలు.
చేశాను. పంచ గళ్ళు గళ్ళుగా విడిపోయింది.
బెల్లు కొట్టారు.

గురువారం నేనొచ్చేసరికి
పలక అప్పటికే వెలుగుతోంది.
ఎర్ర పెంకులు, బావి, దండెం.
గదిలో ఎవరూ లేరు.
డబ్బా మూత సరిగా పెట్టలేదు.
మూడు నెలలకోసారి
పాస్‌వర్డు మార్చమని అడుగుతుందది.
ఆరోజే అడిగింది.
"తర్వాత" అని నొక్కాను.