మూడోవంతు

కురుమూర్తి బంతి ఎట్లుంటదని ఎవరన్న అడిగితే
నా ఎడమ చెయ్యి చూపెడ్త.
చూపుడువేలు మొదట్ల ఎముక ఇంకా వంకరనే ఉంది.
వాడు ఇసిరెటోడు, నేను పట్టెటోన్ని.
బాదేపల్లి హైస్కూలు గ్రౌండ్ల మా ఇద్దరి నడుమ
అరవై అడుగుల ఆరు అంగుళాలు,
మైనొద్దీన్ సారు టేపు పట్టి కొలిచి సున్నం గీసిండు.

యూరియా సంచుల్ల ఇసుక నింపితే బేసులు.
మొరం కుప్ప పోసి తొక్కితే పిచ్చర్ గద్దె.
బంతులు మాత్రం అసలువే,
రెండే ఉండె, సారు బీరువాల తాళమేసి పెట్టెటోడు.
దాని మీది ఎర్ర కుట్లు
కురుమూర్తి ఒకనాడు కూసొని లెక్కవెట్టిండు.
నూట ఎనిమిది.
"మా అమ్మ బొంత గూడ గింత సక్కగ కుట్టది" అన్నడు.

ఒక సాయంత్రం సారు ఫోన్ల ఆట చూపెట్టిండు.
సముద్రం నడుమ ఏదో దీవి, డొమినికన్ అంటరట,
చెరుకు కొట్టెటోళ్ల పిల్లలు
పాల డబ్బాలు కోసి చేతులకు తొడుక్కొని నేర్సుకుంటరట.
అండ్లకెళ్లి వచ్చిన ఒకడు ఆట ఆఖర్ల లేసొచ్చి
పదిహేను బంతులేసి
టోపీ సర్దుకొని పోతడు.
అంతే వాని పని. దానికే జీతం.

మేమంత బంతి వేగమెంతని అడిగినం.
కురుమూర్తి అడిగింది వేరే:
"సార్, మొదటి నుంచి ఏసినోడు అప్పుడేం జేస్తడు?"
"కూసొని చూస్తడు."
"కోపం రాదా?"
సారు జవాబియ్యలే. ఫోన్ జేబుల పెట్టుకున్నడు.

మాకు మొదలేసెటోడు భీమలింగం,
పొడుగు చెయ్యి, పేపర్ల ఫోటో.
వాడు అలిసినంక, మూడు బేసులు నిండినంక
సారు రెండు వేళ్లు లేపెటోడు.
నీళ్ల డ్రమ్ము మీదికెళ్లి కురుమూర్తి దిగెటోడు.
ఉరికెటోడు కాదు.
కల్లంల వడ్లు తొక్కకుండ నడిసినట్టు నడిసొచ్చి
నా చెవుల అడిగెటోడు:
"ఎంతమంది కావాలె?"
"ఒక్కడు."
"సరె."

స్కోరు బుక్కుల వాని పేరు ముంగట
ఇన్నింగ్సు: ఒకటి బై మూడు.

నిజామాబాద్ల అట్లనే గెలిచినం.
ఔరంగాబాద్ల మాత్రం నాలుగు బంతులు
వరుసగా పక్కకు పోయినయ్.
వాళ్ల పరుగు ఉరకనన్న ఉరకలే,
నడుసుకుంట ఇంటికొచ్చింది.
జనరల్ డబ్బల తలుపు కాడ రాత్రంత కూసొని
"భుజంల ఇసుక రాలుతుందిరా" అన్నడు.
ఎన్నాళ్ల సంది అంటే
వేళ్లు లెక్కవెట్టి, ఆపేసిండు.

తర్వాత ఉద్యోగం కౌంటర్ కాడ
సర్టిఫికెట్ అటు ఇటు తిప్పి ఒకాయన అడిగిండు,
"బేస్‌బాల్ అంటే బాస్కెట్‌బాలేనా?"
వాడు అవునన్నడట.
నాకు చెప్పి నవ్విండు. నాకు నవ్వు రాలే.

ఇప్పుడు పోలేపల్లి కాడ మందుల కంపెనీ గేటు,
రాత్రి డ్యూటీ. కుడిచెయ్యి చెవి దాటి లేవది,
పెద్ద కార్లకు ఎడమ చేత్తో సెల్యూట్ కొడ్తడు.

మొన్న సారు రిటైరయ్యి పాత స్కోరు బుక్కులు నాకిచ్చిండు.
చెదలు తినంగ మిగిలినయి కూడిన.
ఇరవై రెండు ఆటలు.
ఎనిమిది ఇన్నింగ్సులు, ఇంక రెండు మూడోవంతులు.
ఇరవై ఆరు మంది.
మళ్ల కూడిన. ఇరవై ఆరే.

పొద్దుగాల పాల వ్యాన్ గేటు కాడ ఆపిన.
ఆరున్నరయింది, వాడు ఇంక నిలవడే ఉన్నడు.
"ఇంటికి పోలేదా?"
"రిలీవర్ రాలే."
ఆ మాట విని నేను నోరు మూసుకోవాల్సింది.
ఊకోలేక లెక్క చెప్పిన,
నాలుగేండ్లు కలిపితే ఒక నిండు ఆటకు తక్కువన్న.
"ఎంతమంది తక్కువ?"
"ఒక్కడు."

జడ్చర్ల బస్సొకటి ఆగకుండనే పోయింది.
ఎవరన్న దిగిన్రేమోనని దుమ్ములకు చూసిండు.
టోపీ సర్దుకొని
పోయి మల్ల ప్లాస్టిక్ కుర్చీల కూసున్నడు.

నా వ్యాన్ల పాలు వేడెక్కుతున్నయ్.