నారింజల లెక్క

మంగళవారం పది గంటల క్లాసులో
నల్లబల్ల మీద ఒక కొండ గీస్తాను.
ఎడమ పాదం దగ్గర చిక్కు,
శిఖరాన కొట్లాట,
కుడివైపు జారుడులో అందరూ ఎవరిళ్లకు వాళ్లు.
పదిహేనేళ్లుగా అదే కొండ.
సుద్దముక్కలు అరిగాయి, కొండ అరగలేదు.

ఆ సాయంత్రం కలెర్వే బజార్లో వాన పట్టుకుంది.
కంపాలా వాన చెప్పి రాదు.
రేకుల కొట్టంలోకి దూరబోతే
తలుపు దగ్గర కుర్రాడు చెయ్యి చాపాడు:
"నిలబడినా ఐదొందలే, కూచున్నా ఐదొందలే."

లోపల చెక్కబల్లలు, తడి చొక్కాల ఆవిరి,
వేయించిన పల్లీల వాసన.
మూల టీవీ, పక్కనే ఎత్తు స్టూలు మీద సెర్వాంజా,
ఒక చేత మైకు, ఒక చేత రిమోటు.
సినిమా ఏ దేశానిదో అట్ట మీద లేదు.
అందులోవాళ్ల భాష
అతనికీ రాదు, మాకూ రాదు.
అయినా ఎవడు ఎవడికెంత బాకీయో
లుగాండాలో పూసగుచ్చినట్టు చెప్పేస్తున్నాడు.

సర్వజ్ఞ కథకుడు అంటాం మేం క్లాసులో,
అన్నీ తెలిసి ఎక్కడా కనపడనివాడు.
ఇతను కళ్లెదుటే చెమట తుడుచుకుంటున్నాడు,
తర్వాత ఏమవుతుందో మాతోపాటే చూస్తున్నాడు.
"హీరో ఎవరనుకున్నారు?
మన స్టాండులో మోటార్‌సైకిల్ నడిపే కయోందోనే!"
అసలు కయోందో వెనక బల్ల మీంచి ఈలేశాడు.

ఛేజింగ్ మొదలైంది.
కారు వెనక కారు. సందు. మలుపు.
మలుపులో, ఎప్పటిలాగే, ఒక పళ్లబండి.
ఏటా ఒకసారి దాని గురించి చెబుతాను పిల్లలకి:
వేగానికి గుర్తు, రాసుకోండి, అంతకు మించి ఏం లేదు.
బండి ఎగిరింది. నారింజలు చెల్లాచెదురు.
కారు వెళ్లిపోయింది, కెమెరా దాని తోకపట్టుకుని వెళ్లిపోయింది.

"ఆపు."

మూడో బల్ల మీద నబుకాలు,
ఒళ్లో ఖాళీ గంప, తొక్కల పసుపు దిగని గోళ్లు.
"వెనక్కి తిప్పు. ఆ ముసలామెని చూపించు."

తిప్పాడు. బొమ్మ నిలిచింది.
తెర అంచున సగం తెగిన ముఖం,
తెరిచిన నోరు. అరుపో, అంకో.
"ఎన్ని కాయలు?" అంది నబుకాలు.
కొట్టం కొట్టమంతా లెక్కపెట్టింది.
అరవై దగ్గర తగువొచ్చింది,
చక్రం కింద నలిగినవి కలపాలా వద్దా అని.
"నలిగినవే ముందు కలపాలి," అందామె.

సెర్వాంజా మైకు పెదాలకు ఆనించి గొంతు తగ్గించాడు.
ముసలామెకు పేరు పెట్టాడు.
ఆ కాయలు అప్పుకి తెచ్చినవన్నాడు.
అప్పిచ్చినవాడు శనివారం వస్తాడన్నాడు,
వాడికి నవ్వు తక్కువన్నాడు.
కారులో ఉన్నవాడి ఊసు ఎవరూ ఎత్తలేదు.
ఎప్పుడో వాన వెలిసింది. నేనూ లేవలేదు.

చివర్లో హీరో గెలిచాడు.
సంచీ నిండా నోట్లు, ఓడ రేవు, పిల్ల.
ముద్దు పెట్టుకోబోతుంటే
"ముందు పళ్ల డబ్బులు!" అని ఒక గొంతు, తర్వాత అన్నీ.
సెర్వాంజా తడబడ్డాడు.
"ఇస్తాడు. సినిమా అయిపోయాక,
మీరంతా వెళ్లాక, తప్పకుండా ఇస్తాడు."
నబుకాలు గంప నెత్తికెత్తుకుంది.
"అప్పుడు చూసేదెవరు?"

మా అమ్మమ్మ కథ ముగిస్తూ అనేది:
ఇంతవరకూ కళ్లారా చూశాను,
మీతో చెబుదామని ఇటు వచ్చేశాను.
ఆమె అటు వదిలేసి వచ్చినవాళ్లు ఎందరో
ఎన్నడూ అడగలేదు నేను. నిద్రొచ్చేది.

మళ్లీ మంగళవారం. అలవాటుగా కొండ గీశాను.
కుడి జారుడు దగ్గర చెయ్యి ఆగి
ఒక సున్నా చుట్టింది. పక్కన ఇంకోటి.
దొర్లుతున్నట్టు, పాదం దాకా, బల్ల చెక్క దాకా.
"ఇది పరీక్షకొస్తుందా మేడమ్?"
ముందు వరసలో పెన్ను పట్టుకుని ఒకబ్బాయి.
అరవై దాకా గీశాను.
నలిగినవి ఎలా గీయాలో
నాకు తెలియలేదు.