వాలుగ దవడ

"దవడ ఎప్పుడిచ్చెత్తావే గుంటా?"
ఫోనులో దాలమ్మ.
పొందూరులో నేను రైలెక్కి నెల దాటింది,
టిఫిన్ డబ్బాలో ఒక వాలుగ చేప దవడ,
అరటి దొప్పలో నాలుగు ఏకులు.

ఆ దవడతోనే ఆమె కొండపత్తి దువ్వుతుంది.
గింజని వదలకుండానే పోగులు వరసకొస్తాయి,
నలకలు ఒళ్ళో రాలతాయి.
ఇనప దువ్వెనకి ఆ పని ఎందుకు చేతకాదో
ఆమె వేళ్ళకి తెలుసు. నాకు తెలీదు. అందుకే వెళ్ళాను.

"అక్కడేటున్నాది?"
రాట్నమే, అన్నాను. మన సంత మైదానమంత.
గాలి కూడా లేని గొట్టంలో ఎలక్ట్రాన్లు
ఇంచుమించు వెలుగంత జోరుగా తిరుగుతాయి.
అయస్కాంతం దారి వంచిన చోటల్లా,
మలుపులో బండిచక్రం బురద చిమ్మినట్టు
ఎక్స్‌రే చిమ్ముతాయి
సూటిగా, కదురు మొనకన్నా సన్నంగా.
తిన్నగా పోయినంతసేపూ ఏమీ రాలదు.

"అయితే ఒంగితేనే ఎలుగన్నమాట!
నలబయ్యేళ్ళుగా ఒంగే ఉన్నాను,
నా నడుంకి మీటరెట్టమను కరెంటోళ్ళని."

మా వంతు రాత్రి రెండు నుంచి ఆరు.
సీసం తలుపు మూసి, తాళం తిప్పి
బయట కూర్చున్నాం. తెర మీద చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత బూడిదరంగులో రెండు వంపులు.
చిందరవందర పత్తయితే నిండు వలయం గీస్తుంది;
ఒకే దిక్కుకి సర్దుకున్న పోగులైతే
వలయం తెగి, ఇలా రెండు కనుబొమ్మలు.
దాలమ్మవే అనుకున్నాను. నిద్రమత్తు.

ఇనప దువ్వెన ఏకూ పెట్టాం. కనుబొమ్మలు కాస్త వెడల్పు.
కాస్తే.
అది దవడ గొప్పో, ఆమె చెయ్యో, మా పొరపాటో
తేల్చడానికి ఇంకో వంతు కావాలి.
దరఖాస్తు పెట్టాను. ఆరు నెలలట.

ఆదివారం దవడ తెచ్చిచ్చాను.
నా మొహం చూడలేదు. బొటనవేలిని పళ్ళ మీద
ఈ కొస నుంచి ఆ కొసకి నడిపించింది. ఆగింది.
"ఒకటి నేదు."
కోశాం, అన్నాను. పలచగా అరగదీసి కిరణానికి పట్టాం.
"ఏటున్నాది నోపల?"
నారు నాటినట్టు, వరస.
"అడిగితే నాను సెప్పనా?"

పత్తి అందుకుంది.
ఆ సందు దగ్గర నల్లటి నలకొకటి
తప్పించుకుని పోగులో కలిసిపోయింది.

ఎప్పుడైనా మీ పంచె అంచులో అది కనబడితే
మగ్గాన్నీ, దాలమ్మనీ ఏమీ అనకండి.
అది నాది.