బుధవారం, గుత్తికోట

మా ఇంటి బడికి గంట లేదు.
కుక్కరు మూడో కూత వేస్తే లెక్కలు,
డీజిల్ షెడ్డు సైరన్ మోగితే తెలుగు.
పోయినేడు ఐదో తరగతిలో
దస్తగిరి తన పేరు చెప్పడానికి పట్టిన సేపు
తరగతంతా వేళ్ల మీద లెక్కపెట్టిందంట.
మర్నాడు పుస్తకాల సంచి
బియ్యం డబ్బా వెనక దాచేసినాడు.
నేనూ వెతకలేదు.

ఈ బుధవారం చరిత్ర పాఠం కొండ మీద.
చిత్రాన్నం డబ్బా, రెండు సీసాల నీళ్లు,
తహసీన్ చేతిలో గీతల్లేని నోటుబుక్కు,
వాళ్ల నాయన డ్యూటీ టోపీ
వీడి చెవులు దాటి కిందికి.

మొదటి వాకిట్లోనే తగువు.
"వాకిలైతే తలుపుండాల గదా,
ఇది ఉత్త పగిలిన గోడ" అనింది పిల్ల.
వాడు వంగి రాతిలో గుండ్రటి గుంత వెతికి
పిడికిలి పెట్టి తిప్పి చూపిచ్చినాడు,
తలుపు తిరిగిన చోటు.
మా బడిలో మార్కులుంటే
అక్కడే పదికి పది వేసేదాన్ని.

మెట్లు కొంత దూరమే మెట్లు,
తర్వాత నున్నటి బండ,
సీతాఫలం పొదలు, ఎండిన బోద,
మోకాళ్లలో నా వయసు.

"మా, శత్రువులు యా పక్కనుంచి వచ్చేది?"
రాత్రి రాసుకున్న చీటీ కొంగున ఉంది.
విజయనగరమోళ్లు, గోల్కొండోళ్లు, మరాఠీలు,
మైసూరోళ్లు, నిజాము, ఆఖర్న కుంపిణీ.
పడమటికి చెయ్యి చూపి ఒక పేరు చెప్తే
రెండో వరసకొచ్చేసరికి
వాళ్లే కోట లోపల ఉండారు.
దక్షిణానికి తిప్పినా, ఉత్తరానికి తిప్పినా,
గాలిమర రెక్క మాదిరి నేనే తిరగతా ఉంటే
తహసీన్ ఒక సున్నా గీసి
చుట్టూ లోపలికి బాణాలేసి
"సరిహద్దంటే మనమేనా?" అనింది.

కుంపిణీకి రాసిచ్చేటప్పుడు
మన ఊరినెవరైనా అడిగినారా అని కూడా అడిగింది.
లేదు.
దత్తమండలం అన్నారు.
దత్తత పోయే పిల్లను
అడుగుతారా ఎవరైనా?

పైన బావి కాడ యాదో బడి పిల్లలు,
వరసగా తెల్ల చొక్కాలు.
వాళ్ల సారు వంగి "ఏ స్కూలు నాయనా?" అన్నాడు.
వాడి దవడ బిగిసింది.
జవాబు నా పళ్ల దాకా వచ్చింది,
మింగినాను.
బావిలోకి రాయి వేసి చప్పుడు కోసం చూసినంత సేపు.
"మా... మా... మాయమ్మ."
ఎవరో కిసుక్కుమన్నారు.
ఒక బక్క పిల్లోడు మాత్రం
జేబులోంచి శెనక్కాయల ముద్ద తీసి సగం విరిచి
"దినామూ ఇట్ల కొండకే తీసుకొస్తాదా?" అని
కుళ్లుతో నా పక్క చూసినాడు.

వాళ్లు దిగిపోయినాక
లోయకెదురుగా నిలబడి వాడే అరిచినాడు,
ఎవరూ అడగకనే:
"ద... ద... దస్తగిరీ!"
అవతలి రాతి గోడ తడుముకుంది
గిరి... గిరి... గి...
"కొండకూ నత్తే రోయ్" అనింది తహసీన్.
"న... నత్తి కాదు,
దాని పేరు అది చెప్పుకుంటా ఉంది" అన్నాడు.
నేను నీళ్ల సీసా మూత
బిగించి విప్పి మళ్లీ బిగించినాను.

కింద గుంతకల్లు బండి
చీమల బారు మాదిరి పోతా ఉంది.
షెడ్డు సైరన్ మోగింది. తెలుగు.
ఇద్దరూ నా మొహం చూసినారు.
నేను చిత్రాన్నం డబ్బా తీసినాను.

దిగేటప్పుడు వాకిళ్లు లెక్కపెట్టినాం.
పిల్లకు పదకొండు, పిల్లోడికి పదమూడు,
నాకు ఎనిమిది దగ్గర కాలు జారి లెక్క తప్పింది.
నోటుబుక్కులో ఆ గడి ఖాళీగా పెట్టి
పక్కన "మళ్లీ రావాల" అని రాసుకుంది.

టోపీ కోతి ఎత్తుకుపోయింది.
ఆ మాట నాయనకు ఎవరు చెప్పాలనేది
బస్టాండు దాకా వచ్చినా
తేలలేదు.