మూట విప్పకుండా

రాత్రి రెండు నలభై.
వాల్పరైసో కొండల మీద దీపాలు
ఎవరో జారవిడిచిన చిల్లరలా చెల్లాచెదురుగా ఉన్నాయి.
రేవులో సముద్రసింహాలు
నిద్రలోనే తగువులాడుకుంటున్నాయి.
నా తెర మీద ఒక వరుస ఎర్రబడింది.

రోసమెల్ ఒయార్సూన్. డెబ్బై ఒకటి.
కొండెక్కే తాడురైలు నడిపి రిటైరైన మనిషి.
లక్షా ఎనభై వేల పెసోలు, ఈ నెలలో నాలుగోసారి,
పుట్టి పదకొండు రోజులు కూడా నిండని ఖాతాకి.
పురుడైనా వెళ్లలేదు దానికి,
ఆకలి మాత్రం ఏనుగుది.

మా సహకార బ్యాంకులో మోసాల బల్ల దగ్గర
ఈ వేళప్పుడు మేలుకుని ఉండేది నేనొక్కదాన్నే.
పేరు యాస్నా. జీతం చెప్పను.

తెరకి కుడిపక్క ఒక మీట ఉంటుంది:
‘అంతా చూడు’.
నొక్కితే మనిషి మొత్తం చాపలా పరుచుకుంటాడు.
మందుల షాపు రసీదులు,
అర్ధరాత్రి ఏ వీధిలో నిలబడ్డాడో,
ఎవరికోసం పూలు కొన్నాడో.
నొక్కమనే అంటాడు మేనేజరు,
“దొంగని పట్టాలంటే ఇల్లంతా వెతకొద్దా?”
ఇల్లు దొంగది కాదు కదా సార్,
అని నేనెప్పుడూ పైకి అనలేదు.

ఒకసారి నొక్కాను.
పోయిన చలికాలం, ఒకావిడ కోసం.
మోసం దొరికింది, డబ్బు వెనక్కొచ్చింది,
నా భుజం మీద రెండు చరుపులు పడ్డాయి.
ఆ ఆదివారం రొట్టెల కొట్టు వరసలో
ఆవిడే నా ముందు.
నన్నెరగదు.
ఏ జబ్బుకి ఏ మాత్ర మింగుతుందో,
ఎవరికీ చెప్పకుండా ఏ ఊరికి టికెట్టు కొంటుందో
నాకు తెలుసు.
“చివరి రెండూ మీరే తీసుకోండమ్మా” అంది, నవ్వుతూ.
వేడి రొట్టెలు కొంగుచాటున దాచుకున్నట్టు కోటులో పెట్టుకుని
దొంగసొత్తు మోస్తున్నదానిలా ఇంటికి నడిచాను.

కంచె పని కాపు కాయడం.
చేను రుచి దానికి తెలియకూడదు.

డబ్బును గడప దగ్గరే ఆపి, ఫోన్ చేశాను.
ఆరో రింగుకి ఎత్తాడు.
“బ్యాంకు నుంచి” అన్నాను.
“వాళ్లూ అదే అన్నారు” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు.
వాళ్ల గొంతుకీ నా గొంతుకీ
ఒకే మర్యాద, ఒకే ఊరి యాస.
పుట్టిన తేదీ అడగొచ్చు. వాళ్లూ అడిగే ఉంటారు.
“నన్ను నమ్మకండి” అన్నాను.
“పెట్టేయండి. కార్డు తిప్పి
వెనకున్న నంబరుకి మీరే చేయండి.”

పెట్టేశాడు.

పదిహేడు నిమిషాలు.
కాఫీ మీద మీగడ తొరక కట్టింది.
కళ్లద్దాలు వెతుక్కుంటున్నాడేమో.
లేక ఆ తియ్యటి గొంతుకే ఫోన్ చేసి
నా మీద చెబుతున్నాడేమో.
చూడొచ్చు. మీట అక్కడే ఉంది.
చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

మోగింది.
“ఈసారిది ఆపండి” అన్నాడు.
“ముందు పంపిన మూడూ…”
ఊపిరి మెట్లెక్కుతున్న చప్పుడు.
“ఎవరికి, ఎందుకు అనేది రాయాలా?”
“ఫిర్యాదు ఇస్తే వెతుకుతాం.
మీరు చూపించినంత మేరే చూస్తాం.”

చాలాసేపటికి అన్నాడు:
“ముప్ఫై ఎనిమిదేళ్లు ఆ పెట్టెలో జనాన్ని ఎక్కించాను.
బరువు చూసేవాణ్ణి, బ్రేకు కోసం.
ఎవరి మూటా విప్పించలేదు.
ఒకరోజు ఒకడు శవపేటిక పట్టుకొచ్చాడు. ఇంతది.
అదీ అడగలేదు.
నెమ్మదిగా పోనిచ్చాను, అంతే.”

రేపు పదింటికి వస్తానన్నాడు, ఫిర్యాదుకి.
వస్తాడో రాడో.

ఫారంలో ‘కారణం’ అనే గడి
ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు.
ఒక చుక్క పెట్టాను.
ఒప్పుకుంది.

ఏడింటికి మొదటి పెట్టె
కిర్రుమంటూ కొండెక్కింది.
అందులో ఎవరున్నారో
మా కిటికీలోంచి కనబడదు.