రెప్పపాటుకి ఎన్ని ముక్కలు

ఎనిమిదేళ్లుగా ఈ షాపులో ఒకే మాట అమ్ముతున్నాను:
"సెకనుకి అరవై బొమ్మలు దాటితే
మనిషి కంటికి తేడా తెలియదండీ."
టీవీల మీద నాకు కమిషన్ ఎక్కువ.

ఉలాన్‌బాతర్‌లో నవంబరు.
బయట మైనస్ ఇరవై ఆరు, బొగ్గు పొగ.
లోపల గోడ నిండా సముద్రం.
సముద్రమే లేని దేశంలో
పదకొండు టీవీల్లో ఒకటే చేప
ఒకేసారి తోక తిప్పుతుంది.

తలుపు తోసుకుని పురెవ్‌దోర్జ్ వచ్చాడు.
నీలం డీల్, నడుముకి పసుపు పట్టు,
ఒంటి మీద మేకల వాసన.
వెనక కూతురు హులాన్, మెళ్లో హెడ్‌ఫోన్.
కాలేజీ జట్టులో తుపాకీ ఆట ఆడుతుందట.
వసంతంలో దువ్విన మేకబొచ్చు డబ్బు
ఎన్నిచోట్ల తెగిందో, మిగిలింది ఒక కవరు.

"పెద్దదే కొందాం నాన్నా" అన్నది ఆ పిల్లే.
"చలికాలమంతా ఇక్కడే ఉంటావు, కుస్తీలు చూసుకోవచ్చు."
అంటూనే
మూల బల్ల మీది ఇరవై ఏడు అంగుళాల మానిటర్ని
పక్కింటివాళ్ల వంటని చూసినట్టు
చూసీ చూడనట్టు చూసింది.

నేను పాఠం అందుకున్నాను.
నలుపు ఎంత నలుపో, అంచులు ఎంత సన్నమో,
"ఆ చిన్నముక్క డబ్బుకి ఇంత గోడ వస్తుంది" అని
బట్ట కొలిచినట్టు చేతులు బార చాపాను.

ఆయన వినలేదు.
"ఆ ఎలక ఇలా ఇవ్వు" అన్నాడు.

చూపుడువేలు చూశాను. గోరు పక్కన కాయ కాసింది.
ఎముక గురి ఆటగాడు:
మూడు బారల దూరంలో నిలబెట్టిన గొర్రె మడమ ఎముకని
వేలితో చిమ్మిన బిళ్లతో పడగొట్టే చెయ్యి.
టీవీకి తగిలించిన మౌస్‌ని గిర్రున తిప్పాడు,
ఆగాడు, మళ్లీ తిప్పాడు.
"నేను ఆగాక ఇది ఆగుతోంది.
చేతికందింది కంటికందట్లేదు."

తర్వాత మానిటర్ దగ్గర కూర్చున్నాడు.
రెండు వందల నలభై హెర్ట్జ్.
అంకె ఆయనకి నేను చెప్పలేదు.
బాణం గుర్తు సున్నా చుట్టింది.

"అక్కడ నా మేకలు చెదిరిపోయాయి.
ఒకటి ఈ గుట్ట మీద, ఒకటి ఆ గుట్ట మీద,
మధ్యలో ఏమయ్యాయో తెలీదు.
ఇక్కడ చూడు,
ఒకదాని తోక వెంబడే ఒకదాని మూతి."

హులాన్ నవ్వలేదు. "మరి నీ కుస్తీలు?"
"వాళ్లు మెల్లగానే పడతారులే."

కవరు విప్పి రెండుసార్లు లెక్కపెట్టాడు.
డబ్బాని డీల్ మడతలో దూర్చి
చలిలో ఈనిన పిల్లని మోసినట్టు
మోసుకుపోయాడు.

షట్టర్ దించాక
ఎవరూ లేరు కదా అని మౌస్ పట్టుకున్నాను.
ఎనిమిదేళ్లలో మొదటిసారి తిప్పి చూశాను.
దేవతలకి రెప్పలుండవంటారు, పోనీ,
ఉన్న రెప్పల్ని నేనెప్పుడు వాడాను?
చేప తోకకీ తోకకీ నడుమ
ఖాళీలు. గుట్టలు. మేకలు లేని గుట్టలు.
ఇప్పుడు కనపడకుండా పొమ్మంటే పోవు.

ఇంట్లో మా టీవీకి ఇంకా పద్నాలుగు వాయిదాలున్నాయి.
మావాడు తెమూలెన్ నేల మీద బోర్లా పడుకుని
బంతాట ఆడుతున్నాడు, గోలు కొట్టి ఎగురుతున్నాడు.
నోటిదాకా వచ్చింది. మింగేశాను.
నీళ్లకని లేచినట్టు లేచి
రిమోట్ తీసుకుని సెట్టింగుల్లోకి వెళ్లి
గేమ్ మోడ్ నొక్కాను.

కాసేపు ఆడాడు.
"నాన్నా, ఏం చేశావు?
గడ్డి వెలిసిపోయింది."